ఉన్నది ఉన్నట్టు అమ్మడమా, ఉన్నది ఉన్నట్టు చెప్పడమా?

ఒక వస్తువును అమ్మేటప్పుడు దాని గురించి మనకు తెలిసినదంతా కొనేవారికి చెప్పాలా? లేక అడిగినదానికి అబద్ధమాడకుండా జవాబిస్తే చాలా? ఈ ప్రశ్న కొత్తది కాదు. బజారు ఎంత పాతదో ఇదీ అంత పాతది. అయితే ఇటీవల ఒక సోదరుడు దీన్ని మా ముందుంచిన తీరు మమ్మల్ని చాలా రోజులు ఆలోచింపజేసింది. అందుకే పాఠకులతో పంచుకుంటున్నాము.

ఆయన స్వస్థలం వరంగల్. ఇరవై ఏళ్లకు పైగా అమెరికాలోని టెక్సాస్‌లో ఉంటున్నారు. ఉద్యోగం కంప్యూటర్ల మీద, సరదా మాత్రం పాత బండ్ల మీద. 2019లో ఆయన 1970 నాటి షెవర్లె సి-10 పికప్ ట్రక్కు ఒకటి కొన్నారు. ముందు ఇద్దరు ముగ్గురు కూర్చునే క్యాబిన్, వెనుక సామాను వేసుకునే తొట్టి ఉండే బండి అది. ఈ ఆకారంలో ఆ కంపెనీ 1967 నుంచి 1972 వరకు బండ్లు తయారు చేసింది. ఒకప్పుడు పొలాల్లో గడ్డిమోపులు, కట్టుబడి పనుల్లో ఇటుకలు మోసిన ఈ బండ్లను ఇప్పుడు అభిరుచి గలవారు ముచ్చటపడి కొనుక్కుంటున్నారు, బాగుచేయించుకుంటున్నారు.

సగం బాగైన బండి

"కొన్న రోజున దాన్ని చూసి మురిసిపోయాను భాయ్ సాబ్. ఎర్ర రంగు మెరిసిపోతోంది. రెండు నెలలకు తలుపు వెనుక క్యాబిన్ మూల దగ్గర రంగు ఉబ్బింది. గోటితో గీరితే పెచ్చు ఊడింది. లోపల ఇనుము లేదు, పుట్టీ మాత్రమే ఉంది" అన్నారాయన.

ఆయన తొమ్మిది వేల డాలర్లకు కొన్నారు. ఆ తర్వాత ఆరేళ్లలో మరో పదకొండు వేలు పెట్టారు. తుప్పు తిన్న నేల రేకు తీసి కొత్తది వేయించారు. కుడి వైపు మూలకు కొత్త రేకు వెల్డింగ్ చేయించారు. బండితో వచ్చిన ఆరు సిలిండర్ల ఇంజన్ తీసేసి, వేరే బండి నుంచి తెచ్చిన ఎనిమిది సిలిండర్ల ఇంజన్ బిగించారు. ముందు చక్రాలకున్న పాత డ్రమ్ బ్రేకుల స్థానంలో డిస్క్ బ్రేకులు పెట్టారు. ఇదంతా మంచి పనే.

మరి చేయనిదేమిటి? ఎడమ వైపు మూలకు డబ్బు చాలక మళ్లీ పుట్టీయే పెట్టి రంగు వేశారు. క్యాబిన్‌ను ఛాసిస్‌కు బిగించే చోట తుప్పు కనిపిస్తే, దాని మీద ఒక పలకను స్నేహితుడొకరు సెలవు రోజున అతికించి ఇచ్చారు. బండి నేలకు దగ్గరగా, అందంగా కనబడాలని ముందు స్ప్రింగులను గ్యాస్ మంటతో కాల్చి కుదించారు. అలా కాల్చిన స్ప్రింగు తన బిగువును కోల్పోతుంది. అది క్రమంగా కుంగిపోవచ్చు, ఎప్పుడైనా విరగనూవచ్చు. ఆ కాలపు సి-10 బండ్లలో పెట్రోలు ట్యాంకు క్యాబిన్‌లోనే, సీటు వెనుక ఉండేది. 1973 మోడల్‌తో గాని కంపెనీ దాన్ని క్యాబిన్ బయటికి మార్చలేదు. ఆ ట్యాంకుకు పెట్రోలు పోసే గొట్టాన్ని కలిపే రబ్బరు పాతబడింది, దాన్నీ మార్చలేదు. ఎండ ఎక్కువైన రోజున లోపల పెట్రోలు వాసన వస్తుంది.

ఇప్పుడు పెద్దమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలి. బండి అమ్మక తప్పదు. ఒక పెద్దమనిషి వచ్చాడు. చుట్టూ తిరిగి చూశాడు, ఇంజన్ శబ్దం విని సంతోషించాడు. కిందికి వంగి చూడలేదు. ఇరవై రెండు వేల డాలర్లకు ఒప్పుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఒక మాట అన్నాడు: "మా అబ్బాయికి పదిహేడేళ్లు. వాడి మొదటి బండి ఇదే."

ఆ మాట విన్న రాత్రి మన సోదరునికి నిద్ర పట్టలేదు. మరునాడు మాకు ఫోన్ చేశారు.

చట్టం అడగని ప్రశ్న

ఆయన తన వైపు నుంచి చెప్పదగినదంతా చెప్పారు. అక్కడ పాత బండ్లను 'ఉన్నది ఉన్నట్టుగా' అనే షరతుతో అమ్ముతారు. అంటే, కొన్న తర్వాత ఏ లోపం బయటపడినా అమ్మినవారికి సంబంధం లేదు. వ్యాపారం చేసే డీలర్లయితే, బండికి పూచీ ఉందో లేదో తెలిపే కాగితాన్ని దాని అద్దానికి అంటించాలని 1985 నుంచి అమలులో ఉన్న నియమం చెబుతుంది. సొంత బండి అమ్ముకునే వ్యక్తికి ఆ నియమం వర్తించదు. ఇదివరకు టెక్సాస్‌లో మామూలు వాహనాలకు ప్రతి సంవత్సరం భద్రతా తనిఖీ జరిగేది. సొంత వాహనాలకు 2025 జనవరి 1 నుంచి దాన్ని కూడా ఎత్తివేశారు. అంటే, ఆ తుప్పును, ఆ స్ప్రింగును అడ్డుకునే కన్ను ప్రభుత్వం తరఫున ఏదీ లేదు.

"నేను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. అతను అడగలేదు, నేను చెప్పలేదు. కళ్లున్నాయి కదా, మెకానిక్‌ను తెచ్చుకోవచ్చు కదా? నాకు అమ్మినవాడు నాకేమైనా చెప్పాడా?" అని ఆయన అడిగారు.

సోదరులారా! ఈ మాటలను తేలిగ్గా కొట్టిపారేయకండి. మనలో చాలామంది బైకు అమ్మినా, ఇల్లు అమ్మినా, పాడి గేదెను అమ్మినా ఇవే మాటలతో మనసును జోకొడతాము. కనుక వీటిని ఒక్కొక్కటిగా తూచి చూద్దాము.

తడిసిన ధాన్యం

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో వెళ్తూ ఒక ధాన్యపు కుప్ప దగ్గర ఆగారు. కుప్పలోకి చేయి పెట్టి చూస్తే వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వాన పడిందని ఆ వ్యాపారి చెప్పాడు. అప్పుడు ఆయన (స), జనానికి కనబడేలా ఆ తడి గింజలను పైన ఎందుకు పెట్టలేదని నిలదీశారు. మోసం చేసేవాడికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన సంఘటన ఇది.

ఇందులో గమనించవలసిన విషయాలు మూడున్నాయి. ఒకటి, ఆ వ్యాపారి నోటితో అబద్ధం చెప్పినట్టు ఎక్కడా లేదు. అడగగానే నిజమే చెప్పాడు. అయినా అది మోసమే అయింది. రెండు, వాన అతను కురిపించింది కాదు. లోపం అతని తప్పు కాదు, దాన్ని కింద ఉంచడమే అతని తప్పు. మూడు, ఆ ధాన్యాన్ని ఎవరు కొనబోతున్నారు, వారిది ఏ మతం అని ప్రవక్త (స) ఆరా తీయలేదు. దివ్య ఖుర్ఆన్‌లోని 83వ సూరా ముతఫ్ఫిఫీన్ కొలతల్లో, తూనికల్లో మోసగించేవారి వినాశం గురించిన హెచ్చరికతోనే మొదలవుతుంది. అక్కడ ప్రస్తావన జనం గురించి, ముస్లిముల గురించి మాత్రమే కాదు. కొనేవాడు అమెరికన్ అయినా, మరొకరైనా హక్కు హక్కే.

"నేను పెట్టిన పుట్టీ తడి గింజల మీద పోసిన పొడి గింజలేనా?" అని సోదరుడు అడిగారు. అవునని బాధతోనే చెప్పాము. దీనికి ఇంకా దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. పాడి పశువును అమ్మే ముందు కొన్ని రోజులు పాలు పితకకుండా పొదుగు నిండుగా కనిపించేలా చేయడాన్ని ప్రవక్త (స) నిషేధించారు. అలా మోసపోయి కొన్నవారు ఆ పశువును ఉంచుకోవచ్చు, వద్దనుకుంటే తిరిగి ఇచ్చేయవచ్చు అన్నారు. ఆ అమ్మకంలో కూడా మాటల్లో అబద్ధం లేదు. పొదుగే అబద్ధం చెప్పింది. మన సోదరుని బండి మీద ఎర్ర రంగు కూడా అలాగే మాట్లాడుతోంది.

నిజానికి తుప్పు పట్టి పెరట్లో పడి ఉన్న బండిలో ఈ ప్రమాదం లేదు. దాని లోపాలు అదే చెప్పుకుంటుంది. అంతా విప్పి బాగుచేసిన బండిలోనూ ఈ ప్రమాదం అంతగా లేదు. చిక్కంతా సగం బాగుచేసిన బండితోనే. అందులో బాగైన సగం బాగుకాని సగానికి సాక్ష్యం పలుకుతుంది. కొత్త బ్రేకులు, కొత్త ఇంజన్ చూసినవాడు, ఇంత చేసినవాడు మిగతాది వదిలేస్తాడా అనుకుంటాడు. ఆ నమ్మకానికి మనం నోరు విప్పి ఏమీ జోడించనక్కర్లేదు. మౌనంగా ఉంటే చాలు, అది మనకు డబ్బులిస్తుంది.

ఒంటె గిట్ట

"అతను అడగలేదు" అన్న మాటకు జవాబు ముస్నద్ అహ్మద్‌లోని ఒక ఉల్లేఖనంలో దొరుకుతుంది. హజ్రత్ వాసిలా బిన్ అస్ఖా (రజి) ఇంటి దగ్గర ఒక వ్యక్తి ఆడ ఒంటెను కొని తోలుకుపోతున్నాడు. వాసిలా (రజి) ఆయన వెనుకే గబగబా వచ్చి, దాని సంగతి నీకు చెప్పారా అని అడిగారు. పైకి బలిసి బాగానే ఉంది కదా అన్నాడాయన. దీన్ని మాంసానికి కొన్నావా, ప్రయాణానికి కొన్నావా అని వాసిలా (రజి) మళ్లీ అడిగారు. హజ్ ప్రయాణానికని అతను చెప్పాడు. అయితే దీని గిట్టకు చిల్లు ఉంది అని ఆయన తెలియజేశారు. బేరం చెడగొడుతున్నారేమిటని అమ్మిన వ్యక్తి నొచ్చుకున్నాడు. లోపాన్ని తెలుపకుండా అమ్మడం ఎవరికీ ధర్మసమ్మతం కాదనీ, దాని గురించి తెలిసిన మరొకరు తెలుపకుండా ఊరుకోవడం కూడా ధర్మసమ్మతం కాదనీ తాను దైవప్రవక్త (స) ద్వారా విన్నానని ఆయన బదులిచ్చారు.

ఇక్కడ వాసిలా (రజి) వేసిన ప్రశ్నను చూడండి. లోపం చెప్పే ముందు, ఎందుకు కొన్నావని అడిగారు. కోసి వండుకునేవాడికి గిట్టలో చిల్లు ఒక లెక్కలోది కాదు. ఎడారి దాటి మక్కాకు వెళ్లేవాడికి అది ప్రాణం మీదికి వచ్చే సంగతి. అంటే లోపం వస్తువులో ఎంత ఉందో, కొనేవాడి అవసరంలోనూ అంతే ఉంది. కొనేవాడికి వస్తువు లోపల తెలియదు, అమ్మేవాడికి కొనేవాడి అవసరం తెలియదు. ఈ రెండూ కలిస్తేనే బేరంలో నిజం పూర్తవుతుంది.

మన సోదరునికి ఆ ప్రశ్న వేయవలసిన అవసరం కూడా రాలేదు. ఆ తండ్రి అడగకుండానే చెప్పాడు. సెలవు రోజున బయటికి తీసి తుడుచుకుని మురిసిపోయే ముసలాయనకు ఆ స్ప్రింగు ఒక ఖర్చు. రోజూ పెద్ద రోడ్ల మీద వేగంగా వెళ్లే పదిహేడేళ్ల కుర్రాడికి, ఎయిర్‌బ్యాగులు లేని ఆ బండిలో, సీటు వెనుక పెట్రోలుతో, అది ఖర్చుతో పోయేది కాదు. ఆ మాట విన్న తర్వాత మౌనం మునుపటి మౌనం కాదు.

ఈ ఉల్లేఖనంలో మరొకరికి కూడా పాఠం ఉంది. సెలవు రోజున పలక అతికించిన ఆ స్నేహితుడు, మెకానిక్, బేరం కుదిర్చే మధ్యవర్తి, వీళ్లంతా వాసిలా (రజి) స్థానంలో ఉన్నవారే. అమ్మేది నేను కాదు కదా అని తప్పుకోవడానికి వీల్లేదు.

మార్పు లోపమా?

ఇక్కడ కొందరు అటు చివరికి వెళ్లిపోతారు. బండిలో ఏం మార్చినా దోషమేనా అని భయపడతారు. అలా కాదు. అసలు ఇంజన్ తీసి బలమైన ఇంజన్ పెట్టడం మోసం కాదు. దాన్ని నడపాలనుకునే వ్యక్తి అందుకు ఎక్కువ డబ్బులిస్తాడు. 1970లో ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలనుకునే సేకర్త మాత్రం అదే బండికి తక్కువ ఇస్తాడు. హనఫీ ఫిఖా గ్రంథాల ప్రకారం వ్యాపారుల వాడుకలో ధర తగ్గించేది ఏదైనా లోపమే. కొనేవారి సరైన ఉద్దేశం నెరవేరకుండా చేసే కొరతను షాఫియీ పండితులు లోపంగా లెక్కించారు. రెండింటినీ కలిపి చూస్తే దారి తేలికవుతుంది. ఏం మార్చామో చెప్పేస్తే చాలు. అది తనకు లాభమో నష్టమో కొనేవాడే తేల్చుకుంటాడు.

కంటికి కనిపించే గీతనూ, చిరిగిన సీటునూ వేలెత్తి చూపించనక్కర్లేదు. మన వస్తువును మనమే నిందించుకుంటూ కూర్చోనక్కర్లేదు. మనకు తెలిసి, అతనికి కనబడే వీల్లేని దాన్ని మాత్రం బయటపెట్టాలి.

తెలిసినది, తెలియనిది

మరి 'ఉన్నది ఉన్నట్టుగా' అనే షరతుకు ఇస్లాంలో చోటే లేదా? ఉంది. ఇమామ్ మాలిక్ (రహ్మలై) గారి ముఅత్తాలో ఒక తీర్పు ఉంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఆనాటి ఆచారం ప్రకారం ఒక బానిసను, లోపాలకు తన పూచీ లేదన్న షరతుతో 800 దిర్హములకు అమ్మారు. కొన్న వ్యక్తి అతనిలో ఒక రోగం ఉందని హజ్రత్ ఉస్మాన్ (రజి) వద్దకు ఫిర్యాదు తెచ్చాడు. అమ్మిన నాడు ఆ రోగం తనకు తెలియదని ప్రమాణం చేయమని ఉస్మాన్ (రజి) అడిగారు. ఇబ్నె ఉమర్ (రజి) ప్రమాణం చేయడానికి ఇష్టపడక, అతన్ని వెనక్కి తీసుకున్నారు.

ఉస్మాన్ (రజి) అడిగిన ప్రమాణంలోనే గీత ఉంది. ఆ షరతు మనకు తెలియనిదాని నుంచి మనల్ని కాపాడుతుంది. తెలిసినదాన్ని దాచడానికి తెర కాదు. అలాంటి షరతుతో జరిగిన అమ్మకం చెల్లుతుందని హనఫీ ఫిఖా అంటుంది. ఇతర ఇమాములు దానికి పరిమితులు పెట్టారు. అయితే కోర్టులో బేరం నిలవడం వేరు, అల్లాహ్ ముందు మనిషి నిలవడం వేరు. తెలిసిన లోపాన్ని దాచడం పాపమేనని హనఫీ పండితులూ చెప్పారు.

సోదరుని బండిలో నిజంగా తెలియనిది ఒకటుంది. దాని మీటరులో మైళ్లకు అయిదు అంకెలే ఉంటాయి. 99,999 దాటితే మళ్లీ సున్నాల నుంచి మొదలవుతుంది. ఇప్పుడది నలభై మూడు వేలు చూపుతోంది. అసలు తిరిగింది అంతేనా, లక్షా నలభై మూడు వేలా అన్నది ఎవరూ చెప్పలేరు. ఇంత పాత బండికి మైళ్ల లెక్కపై రాతపూర్వక ప్రకటన ఇవ్వాలన్న చట్టం నుంచి మినహాయింపు కూడా ఉంది. అలాంటప్పుడు ఆ అంకెను చూపి ఊరుకోకూడదు. ఇది నాకు తెలియదు అని చెప్పడమే నిజం. 'ఉన్నది ఉన్నట్టుగా' అనే షరతుకు తగిన చోటు ఇదే.

నష్టం ఎవరిది?

మేము ఆ సోదరునికి ఒక సలహా ఇచ్చాము. ఒక కాగితం తీసుకుని మూడు భాగాలు చేయండి. చేయించినవి ఒక చోట, చేయించనివి ఒక చోట, తెలియనివి ఒక చోట రాయండి. బండి కింద ఫోటోలు తీయండి. ఆ కాగితం, ఫోటోలు ఆ తండ్రి చేతికిచ్చి, తర్వాత ధర మాట్లాడండి.

ఆయన అలాగే చేశారు. ఆ తండ్రి చదివి, ధన్యవాదాలు చెప్పి, బండి వద్దని వెళ్లిపోయాడు. ఆరు వారాల తర్వాత వెల్డింగ్ పని తెలిసిన మరొకతను వచ్చాడు. ఆ కాగితం పట్టుకుని బండి కింద దూరి చూసి, పద్దెనిమిది వేలకు కొనుక్కున్నాడు. స్ప్రింగులు మార్చాకే రోడ్డు మీదికి తెస్తానన్నాడు.

సోదరుడు మళ్లీ ఫోన్ చేశారు. గొంతులో నిశ్చింత ఉంది, కొంచెం దిగులూ ఉంది. "నాలుగు వేలు పోగొట్టుకున్నాను భాయ్ సాబ్. ఫీజుకు అప్పు చేయవలసి వచ్చింది" అన్నారు.

ఆ దిగులును మేము తేలిగ్గా తీసుకోము. అప్పు బరువు నిజమైనదే. కాని ఆ నాలుగు వేలు ఎవరివో ఒకసారి ఆలోచిద్దాము. ఉన్నది ఉన్నట్టు చెబితే ఆ బండి ధర పద్దెనిమిది. దాచితే ఇరవై రెండు. మధ్యలోని నాలుగు వేలకు ఇనుము లేదు, శ్రమ లేదు, వస్తువు లేదు. ఉన్నది కొనేవాడి అజ్ఞానం ఒక్కటే. ఆ డబ్బు అమ్మేవాడి జేబులోకి ఎన్నడూ రాలేదు కనుక పోయిందీ లేదు. అది మొదటి నుంచీ ఆ తండ్రిదే, అతని దగ్గరే ఉండిపోయింది. సోదరునికి నిజంగా పోయింది రెండు వేలు, ఆయన పెట్టిన ఖర్చులో. అది ఆయన సరదాకు అయిన ఖర్చు. దాన్ని ఇంకొకరి కొడుకు చెల్లించనక్కర్లేదు.

తనకు అమ్మినవాడు మోసం చేశాడన్న బాధకూ ఇదే జవాబు. ఆ లెక్క ఆయనకూ ఆ వ్యక్తికీ మధ్య ఉంది. ఆ తండ్రికి దానితో ఏ సంబంధమూ లేదు. మోసం ఒక చేతి నుంచి మరో చేతికి మారుతూ పోవలసిన అప్పు కాదు. ఎవరో ఒకరు దాన్ని తన దగ్గర ఆపేయాలి.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) బట్టల వ్యాపారి అన్న సంగతి మనకు తెలిసిందే. ఆయన భాగస్వామి ఒకసారి లోపమున్న వస్త్రాన్ని ఆ సంగతి చెప్పడం మరచి అమ్మేశారు. కొన్నదెవరో కూడా తెలియలేదు. ఇమామ్ గారు ఆ సరుకు మీద వచ్చిన సొమ్మంతా దానం చేశారని ఆయన చరిత్రకారులు రాశారు. మరచిపోయిన లోపానికే అంత జాగ్రత్తపడ్డారు. తెలిసి దాచిన దానితో మన పిల్లల ఫీజు కట్టగలమా?

బేరమాడే ఇద్దరూ నిజం చెప్పి, లోపాలు వెల్లడించుకుంటే ఆ బేరంలో శుభం ఉంటుందనీ, దాచుకుంటే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందనీ హజ్రత్ హకీం బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసు తెలుపుతోంది. శుభం అంటే నాలుగు వేలు మరో దారిన తప్పక తిరిగి వస్తాయని కాదు. వచ్చినా రాకున్నా, ఆ ఇంట్లో తండ్రి రాత్రి నిద్రపోగలగడం కూడా శుభమే.

ఇది టెక్సాస్ సంగతి మాత్రమే కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో వాహనాలు నీట మునిగాయి. అలా మునిగిన బండిని కడిగి, ఆరబెట్టి, వరద సంగతి తెలియని ఊరిలో అమ్మజూపేవాడు ఎవరైనా ఉంటే అతని చేతిలో ఉన్నది ఆ తడిసిన ధాన్యమే. పాత స్కూటరు అమ్మినా, వాడిన ఫోను అమ్మినా, అద్దెకు ఇల్లు చూపించినా అంతే. ముందు, దీన్ని దేనికోసం తీసుకుంటున్నారని అడుగుదాము. తర్వాత మనకు తెలిసినది చెబుదాము. తెలియనిది తెలియదని చెబుదాము. ఆ పైన ధర మాట్లాడుదాము.

కనిపించేదానిని, కప్పిపెట్టినదానిని కూడా ఎరిగిన అల్లాహ్ మన బేరాల్లో నిజాయితీని, మన సంపాదనలో శుభాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.